గచ్చు మీద పొద్దు

దామోదరం గ్రిల్ షెడ్డులో అట్ట ఊడిన ఆల్బమ్ ఒకటి ఉండేది. మద్రాసు వాషర్‌మెన్‌పేటలో కొత్తిల్లు కట్టుకునేవాళ్లూ, పాతింటికి కిటికీలు మార్చుకునేవాళ్లూ వచ్చి స్టూలు మీద కూర్చుని, పేజీలు తిప్పి, నచ్చినదాని మీద వేలు పెట్టేవాళ్లు. ఉదయించే సూర్యుడు, ఎదురెదురుగా రెండు హంసలు, పురివిప్పిన నెమలి, ఒక వీణ. ఎక్కువమంది వేలు సూర్యుడి మీదే ఆగేది. దాంతో ఆ వీధుల్లో తూర్పు గోడ, పడమటి గోడ అన్న తేడా లేకుండా ప్రతి కిటికీలోనూ సూర్యుడు పొద్దస్తమానం ఉదయిస్తూనే ఉండేవాడు.

ఆ సూర్యుళ్లందరినీ గీసినవాడు గిరి. ఆ షెడ్డులో పని జరిగే తీరు ఇది. కిటికీ కొలత రాగానే అతను నేల మీద చతికిలబడి, సిమెంటు గచ్చు మీద సుద్దముక్కతో గ్రిల్‌ని నిజమైన సైజులోనే గీస్తాడు. వెల్డర్ మాదయ్య ఆ గీతల మీద ఇనప పట్టీలు ఆనించి చూసుకుంటూ వంచుతాడు, అతుకుతాడు. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచేస్తే మర్నాటికి గచ్చు మళ్లీ ఖాళీ. ఏళ్ల తరబడి గీసినవే గీసి గీసి, కళ్లు మూసుకుని గీసినా హంస ముక్కు హంస ముక్కు ఉండాల్సిన చోటే పడేది. జనం దాన్ని పనితనం అనేవాళ్లు. అది తనకు పట్టిన జబ్బని గిరికి తెలుసు.

చేతికి జబ్బు పట్టింది గాని కళ్లకు పట్టలేదు. బస్సులో ముందు సీటామె చీర అంచు, లారీ వెనక తామరపువ్వు, కిరాణా కొట్లో పేర్చిన బిస్కట్ డబ్బాల వరస, రాయపురం రేవులో ఆరేసిన వలలు, ఏది కనబడినా ఇది ఇనుములో వంచితే ఎలా ఉంటుందా అని చూసేవాడు. ఆదివారం వస్తే చాలు, సంచీ భుజాన వేసుకుని మహాబలిపురమో, కాంచీపురమో, ఏమీ లేకపోతే ఎగ్మూరు మ్యూజియమో బయల్దేరేవాడు. పెళ్లయిన కొత్తలో భార్య కార్తీక మురిసిపోయి వెంట వెళ్లింది. రాతిగోడ మీది తీగ మెలికను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడే మొగుడి పక్కన, ఎండలో తనూ నిలబడ్డం కంటే ఇంట్లో టీవీ చూడటం నయమని తర్వాత తేల్చుకుంది. ఆమెను అనడానికేమీ లేదు.

చూసివచ్చినవాటిని గీసి చూపిస్తే దామోదరం తల అడ్డంగా ఊపేవాడు.

"బొమ్మ బాగనే ఉండాదిరా గిరీ. కొనేవోడికి నచ్చాల గదా? అంబత్తూరులో మిషన్ల మీద రెడీమేడ్ గ్రిల్లులు నొక్కేస్తా ఉండారు. మనం కొత్త కొత్త అని కూర్చుంటే ఉండే గిరాకీ గూడా ఆడికే పోతాది. సూర్యుణ్ణి వెయ్. సూర్యుణ్ణి వద్దన్నోడు ఇంతవరకూ లేడు."

గిరి సూర్యుణ్ణే వేసేవాడు. లోపల మాత్రం ఒక కోరిక అలాగే ఉండిపోయింది. ఆల్బమ్‌లో లేనిది, అచ్చంగా తన బుర్రలోంచి వచ్చినది, ఒక్కటంటే ఒక్క గ్రిల్ ఈ పేటలో ఏదో ఒక గోడకి నిలబడాలి. దారిన పోయేవాడు ఆగి, తలెత్తి, "ఇది ఎవరు చేశారు?" అని అడగాలి. అంతకు మించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

బోర్డుల మీద మద్రాసు చెరిపి చెన్నై అని రాస్తున్న రోజుల్లో, గురుప్రసాద్ షెడ్డుకు వచ్చాడు. లుంగీల హోల్‌సేల్ వ్యాపారి. తాతలనాటి ఇల్లు, కింద కొట్టూ గోడౌనూ, పైన కాపురం. సముద్రపు గాలికి మేడ మీది హాలు కిటికీ ఊచలు తుప్పుపట్టి ఉంటే, ఎవడో దొంగ సన్‌షేడ్ మీదికెక్కి రెండింటిని చేత్తోనే వంచేశాడట. లోపల పడుకున్న తల్లి ఆండాళమ్మ కేకలు పెట్టేసరికి దూకి పారిపోయాడట.

గురుప్రసాద్ ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా తిప్పి పక్కన పడేశాడు.

"ఇవన్నీ ఊరంతా ఉండాయి గదన్నా. మాకు వేరే మాదిరి కావాల. రోడ్డున పోయేవోడు నిలబడి చూడాల. గిరికి ఏం తోస్తే అది చెయ్యమనండి. నేను నడుమ దూరను."

దామోదరం అనుమానంగా గిరి వైపు చూశాడు. గిరి అప్పటికే టేపు వెతుక్కుంటున్నాడు.

ఆ సాయంత్రమే కొలతలకు వెళ్లాడు. తూర్పు వైపు పెద్ద కిటికీ, మోకాలెత్తున మొదలై తల మీదిదాకా ఉంది. వీధి అవతల పెంకుల గోడౌనే తప్ప ఎత్తు మేడ ఏదీ లేదు. కిటికీకి నిలువు ఊచలు, వాటిని అడ్డంగా పట్టి ఉంచే రెండు వెడల్పాటి పట్టీలు. కాస్త లోపలగా, ఎర్రగచ్చు మీద పీట వేసుకుని ఆండాళమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"నాయనా, వంగినవి రెండూ మార్చేసి మిగతాది ఇట్నే ఉండనియ్యగూడదా?" అంది.

"ఈ పాత ఊచలెందుకవ్వా? నీ కిటికీని చూసేదానికి జనం నిలబడిపోవాల. అట్టాంటిది చేస్తాను చూడు."

"జనం చూసేదానికా కిటికీ?" అందామె, చేతిలో పని ఆపకుండానే.

గిరి నవ్వేసి టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. ముసలివాళ్లకి ఏది మార్చినా గిట్టదనుకున్నాడు. ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే మనకు చెప్పుకోవడానికి ఇంత కథ ఉండేది కాదు.

ఏమి చేసినా సరేనని ఎవరైనా అంటే చెయ్యి ఆడదని గిరికి మర్నాడు తెలిసింది. సుద్ద పట్టుకుని గచ్చు ముందు కూర్చుంటే, ఏ గీత మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి హంస మెడ దగ్గరికే వెళ్లేది. తుడిచాడు. మళ్లీ గీశాడు. మళ్లీ హంసే. ఆదివారం దాకా ఆగలేక పని ఎగ్గొట్టి మహాబలిపురం వెళ్లాడు. అక్కడి రాతి ఏనుగులు చాలా గొప్పగా ఉన్నాయి గాని లుంగీల వ్యాపారి కిటికీలో దూరేలా లేవు. కాంచీపురంలో మగ్గాల మీద అంచులు చూశాడు, మ్యూజియంలో కంచు బొమ్మల చుట్టూ తిరిగాడు. చూసిందంతా బాగుంది, చేతికి మాత్రం ఒక్కటీ అందలేదు. ఇన్నేళ్లూ దామోదరం అడ్డుపడ్డాడు కాబట్టి సరిపోయిందనీ, తన బుర్రలో అసలేమీ లేదేమోననీ అతనికి మొదటిసారి భయం వేసింది.

ఆ భయంతోనే ఒక పొద్దున రాయపురం రేవులో గట్టు మీద కూర్చున్నాడు. పడవలు తిరిగివస్తున్నాయి. ఒడ్డున ఇద్దరు మనుషులు తడి వల విప్పి పైకెత్తి దులుపుతున్నారు. ఆ వల కళ్లలోంచి అవతలి పడవ కనబడింది. అంతే. గిరి లేచి, తడిసిన లుంగీ సంగతి కూడా మరిచిపోయి, సగం దూరం పరుగులాంటి నడకతో షెడ్డుకు వచ్చిపడ్డాడు.

కిటికీ నిండా సన్న కమ్మీలతో వల. ఆ వల మధ్య తెరచాప ఎత్తిన ఓడ. కింద సుళ్లు తిరిగే అలలు. మాదయ్య దాన్ని చూసి, "ఏందప్పా ఇది, ఒక్కో కన్నుకీ అతుకు పెట్టాల్నా?" అని తల పట్టుకున్నాడు గాని, పని మొదలయ్యాక అతనికీ పట్టుదల వచ్చింది. ఓడ గోడకెక్కిన రోజు వీధిలో సైకిళ్లు ఆగాయి. ఎదుటి గోడౌను కూలీలు మూటలు దించి చూశారు. గురుప్రసాద్ కింద నిలబడి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ గిరిని వేలుపెట్టి చూపించాడు. దామోదరం ఫోటో తీయించి ఆల్బమ్‌లో మొదటి పేజీలో అంటించాడు. సూర్యుడు రెండో పేజీకి దిగిపోయాడు.

ఆ సాయంత్రం గిరి కార్తీకను తీసుకొచ్చి చూపించాడు. ఆమె చాలాసేపు చూసి, "ఇంత కాలం నువ్వు గోడలు చూసింది దీనికోసమా!" అంది. ఆ రాత్రి అతను తిన్నదేమిటో అతనికి గుర్తులేదు. బతుకులో అంత సంతోషం అంతకుముందు ఎరగడు.

కొన్నాళ్లు పోయాక, రెండో పూత నల్లరంగు వెయ్యడానికి పొద్దున్నే ఆ ఇంటికి వెళ్లాడు. మెట్లెక్కుతుండగానే పాలు పొంగి మాడిన వాసన. హాల్లో గురుప్రసాద్ కూతురు రంజిత బడి సంచీతో నిలబడి నాయనమ్మ మీద చిటపటలాడుతోంది.

"పాటీ రోజూ ఇట్నే! నిన్న ఎప్పుడో ముందే కిందికి తోసేసింది. వీధిలో నిలబడి నిలబడి కాళ్లు నొచ్చాయి. ఈరోజు జడ వేస్తా ఉండగానే రిక్షా పోయింది!"

గురుప్రసాద్ కూతుర్ని స్కూటర్ మీద దించడానికి చొక్కా తొడుక్కుంటూ గిరిని పక్కకి పిలిచాడు. వయసులో గిరి చిన్నవాడే అయినా, ఎవరితో ఒకరితో చెప్పుకోకపోతే ఆగలేనట్టు ఉన్నాడు.

"అమ్మకి మతి తప్పుతా ఉండాదప్పా. పొద్దున వెయ్యాల్సిన మాత్ర రెండుసార్లు వేసుకునింది మొన్న. కొట్టుకి పంపే అన్నం క్యారియర్ ఒకరోజు మరీ ముందుగా, ఒకరోజు మధ్యాన్నం దాటినాక. ఇంతకాలం గడియారం మాదిరి ఉండింది మనిషి. డాక్టరు టానిక్ రాసిచ్చినాడు. వంటకి మనిషిని పెట్టేసి, అమ్మని ఇంక ఒక మూల కూర్చోమనాల. ఏం చేస్తాం?"

అతను రంజితను తీసుకుని వెళ్లిపోయాడు. కోడలు ఆశ బ్యాంకుకి బయల్దేరే హడావుడిలో లోపలెక్కడో ఉంది. గిరి రంగు డబ్బా మూత తీశాడు. అప్పటికి గోడౌను పెంకుల మీదుగా ఎండ బాగా పైకొచ్చింది. హాల్లోకి తిరిగి చూసి, చేతిలో బ్రష్షుతో అలాగే ఉండిపోయాడు.

గచ్చంతా వల పరుచుకుని ఉంది. కిటికీలో అంత చక్కగా నిలబడ్డ ఓడ, నేల మీద సాగి, చితికి, ఏదో నల్లటి ముద్దయింది. అలలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఆ గజిబిజి మధ్య ఆండాళమ్మ పీట మీద కూర్చుని, ముందుకు వంగి, అరచేత్తో గచ్చును తడుముతోంది. ఏదో పారేసుకున్నదాన్ని వెతికినట్టు ఉంది.

"ఏం పడిపోయిందవ్వా?"

"పొద్దు," అంది ఆమె. తర్వాత, చెప్పకూడనిది చెప్పేసినట్టు వెనక్కి సర్దుకుని కూర్చుంది.

గిరి బ్రష్షు పక్కన పెట్టి వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవలేదు. ఆమె వంటింటి వైపు ఒకసారి చెవి పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. రెండు కళ్లకీ పొర కమ్మి చాలా కాలమైంది. దగ్గరివి మసకమసకగా తెలుస్తాయి. కూరా, పప్పూ చేతి అలవాటు మీద జరిగిపోతాయి. గోడ గడియారం ముళ్లు మాత్రం ఎప్పుడో కనబడ్డం మానేశాయి. ఎండ పడిన ఎర్రగచ్చు మీద కిటికీ అడ్డపట్టీల నీడ ఒక్కటే ఆమెకి స్పష్టంగా కనబడేది, లావుగా, నల్లగా.

"పొద్దు లేచేటప్పుడు ఆ నీడ ఆడ గోడ కాడ ఉండేది. పైకొచ్చే కొద్దీ కిటికీ తట్టు జరిగేది. ట్రంకుపెట్టె కాడికొస్తే పాలు. చాప అంచుకొస్తే పిల్లకి జడ. నా కాలిమీదికొస్తే మాత్ర. అట్టా నడిపించేశాను ఇంతకాలం."

"ఎండాకాలం ఒకరకం, చలికాలం ఒకరకం ఉండదా?"

"పక్కలకి జరుగుతాది నాయనా, ఈ గోడ తట్టు, ఆ గోడ తట్టు. ముందుకీ వెనక్కీ పెద్ద తేడా రాదు. మబ్బు రోజున పిల్లని అడిగి తెలుసుకుంటాను, ఏదో పని ఉండేటట్టు." నవ్వింది. "ఇప్పుడు నా గదినిండా వల పరిచేసినావు. దేన్ని పట్టుకోవాలో తెలవడం లేదు."

గిరి తల తిప్పి కిటికీ వైపు చూశాడు. మొదటిరోజే ఆమె చెప్పింది, ఇట్నే ఉండనియ్యమని. తను నవ్వి టేపు చుట్టేశాడు.

"అన్నతో చెప్పేస్తాను అవ్వా. ఇప్పుడు కంటి ఆపరేషన్లు చాలా సులువంట."

ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "చెప్పబాక! మా అక్కకి చేసినారు, ఉండే చూపు గూడా పోయింది. చేయించుకుంటాలే, దీపావళి పోనీ. ఇప్పుడే తెలిసిందంటే నన్ను పొయ్యి కాడికి రానియ్యరు. ఈ ఇంట్లో పొద్దున్నే అందరూ నా కేకకే లేస్తారు నాయనా. అది గూడా లేకపోతే నేను ఉండి ఏం చెయ్యాల? నా మీద ఒట్టు."

గిరి ఒట్టు వేశాడు. వేసి, రంగు పూయకుండానే డబ్బా మూత పెట్టి కిందికి వచ్చేశాడు. వీధిలోకి రాగానే ఒక పెద్దాయన సైకిలు దిగి, తలెత్తి ఓడను చూస్తూ నిలబడి ఉన్నాడు. గిరి ఆయన పక్కనే నిలబడి తనూ చూశాడు. నిజంగా అందంగా ఉంది. తనకి ఇంకోసారి ఇలాంటిది చేసే అవకాశం రాకపోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ముసలామెకు మతి పోయిందంటారు, ఆమె ఒక మూల కూర్చుంటుంది, ఓడ ఇలాగే ఉంటుంది, జనం ఇలాగే ఆగుతారు. ఈ ఆలోచన తనకి వచ్చినందుకే అతనికి ఒంటికి కారం రాసినట్టయింది. అయినా ఆ రోజంతా దాన్ని వదల్లేకపోయాడు. ఓడను ప్రేమించాడు మరి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నేరుగా గురుప్రసాద్ కొట్టుకే వెళ్లాడు.

"అన్నా, ఆ గ్రిల్ తీసెయ్యాల. నేను తప్పు చేసినాను. వల కమ్మీలు మరీ సన్నం. ఉప్పుగాలికి తుప్పు తినేస్తాది. దొంగ రంపం పెడితే లాగే పని గూడా లేదు."

గురుప్రసాద్ లుంగీల కట్ట కింద పెట్టాడు. "ఏందప్పా నువ్వు? వీధంతా చూసి పోతా ఉండారు. ఇప్పుడొచ్చి గట్టిగా లేదంటావా? చేసేటప్పుడు తెలవదా?"

"తెలవలేదన్నా."

"దామోదరం అన్న కాడ ఇన్నేళ్లు ఏం నేర్చుకున్నావు?"

గిరి తల దించుకుని నిలబడ్డాడు. కమ్మీల మందం అతను దగ్గరుండి చూసుకున్నదే. ఆ వల ఏనుగు లాగినా రాదు. తన చేతి పనిని తన నోటితోనే చెడ్డదనడం ఎంత కష్టమో అతనికి అప్పుడు తెలిసింది. చివరికి గురుప్రసాద్ విసుగ్గా చెయ్యి ఊపాడు. "సరే పో. గట్టిది వెయ్. ఎట్టుండినా పరవాలేదు, దొంగ రాకపోతే చాలు."

షెడ్డులో దామోదరం పెట్టిన కేకలు అటు రెండు వీధులకి వినపడ్డాయి. వాటిని ఇక్కడ రాస్తే బాగుండదు. ఓడను గోడ నుంచి దించి షెడ్డుకు తెచ్చాక, కొయ్యమంటే మాదయ్య ఒప్పుకోలేదు. "నాకు చేతులు రావు, నువ్వే కోసుకో," అని బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు. గిరే రంపం పట్టుకుని, వలను కన్నుకు కన్నూ, తెరచాపను, అలలను కోసి పాత ఇనుము గుట్టలో వేశాడు. మధ్యలో ఒకసారి ఏడ్చాడు. ఇనుము పొడి కంట్లో పడిందని ఎవరికైనా చెప్పొచ్చు గాని, అడగడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆ మర్నాడు తెల్లవారకముందే ఆండాళమ్మ ఇంటికి చేరాడు. గోడకున్న చట్రం ఖాళీగా ఉంది. దామోదరం షెడ్డు గచ్చు మీద కాదు, ఈసారి ఈ కిటికీలోనే గీయాలని రాత్రే నిర్ణయించుకున్నాడు. ఒక వెడల్పాటి పట్టీ ముక్క తెచ్చాడు. ఇంట్లోవాళ్లు కొలతలు తీసుకుంటున్నాడనుకున్నారు. అది నిజమే కదా.

"నువ్వు పీట మీద కూర్చో అవ్వా. ఇంక ట్రంకుపెట్టె కాడికీ చాప కాడికీ చూపు తిప్పే పని లేదు. నీడలే ఒకదాని వెనక ఒకటి నీ పీట కాడికి వస్తాయి. నీకు ఏ పనికి ఏ వేళ కావాలో చెప్పు."

ఎండ వచ్చింది. గిరి తన చేతి గడియారం చూసి వేళ చెబుతున్నాడు. "పాలు ఇప్పుడు పెట్టాల," అంది ఆమె. అతను పట్టీ ముక్కను చట్రానికి అడ్డంగా పట్టుకుని పైకీ కిందికీ జరిపాడు. దాని నీడ పీట అంచున పడగానే ఆపి, చట్రం మీద సుద్దతో గీత గీశాడు. పొద్దు ఇంకాస్త ఎక్కింది. "ఇప్పుడు పిల్లని జడకి పిలవాల. రిక్షా వచ్చినాక పిలిస్తే ఏం లాభం?" ఇంకో గీత, దానికి పైన. "ఇప్పుడు మాత్ర." ఇంకొకటి. మాత్రకీ అన్నం క్యారియర్‌కీ మధ్య చాలా ఎడం వచ్చింది. పాలకీ జడకీ మధ్య జానెడు కూడా లేదు. ఆమె పొద్దు ఎలా నడుస్తుందో గీతలూ అలాగే పడ్డాయి, ఒకచోట ఇరుగ్గా, ఒకచోట తీరిగ్గా.

"అన్నీ ఒకటే మాదిరి ఉంటే ఏది ఏదో ఎట్టా తెలిసేది?" అంది ఆండాళమ్మ.

ఇద్దరూ కూర్చుని అదీ తేల్చారు. పాలకి ఒకే పట్టీ. జడకి పక్కపక్కనే రెండు. మాత్రకి పట్టీ మధ్యలో ఒక గుండ్రటి రింగు, మాత్ర మాదిరే. దొంగ దూరకుండా వెనక పాత మాదిరే నిలువు ఊచలు. క్యారియర్‌కి అలలా వంచిన పట్టీ. "అలెందుకు?" అని ఆమె అడిగితే, "అది నాకోసం అవ్వా, ఉండనీ," అన్నాడు. ఆమె కిలకిలా నవ్వింది. గిరికి ఒంట్లో ఏదో హుషారు. మహాబలిపురం రాళ్ల ముందు నిలబడి, కాంచీపురం మగ్గాల పక్కన కూర్చుని ఏ ఊపు రావాలని ఎదురుచూశాడో అది ఇక్కడ, చిక్కుడుకాయల బుట్ట పక్కన వచ్చింది. అరచెయ్యంతా సుద్ద, మొహమంతా చెమట. ఇది తన గీత అని ఏ అనుమానమూ లేకుండా తెలిసింది.

దాన్ని మాదయ్య అతుకుతూ అతుకుతూ రెండుసార్లు ఆగి, "స్కేలు ఏమన్నా విరిగిందా?" అని అడిగాడు. దామోదరం చూసి మొహం తిప్పుకున్నాడు. "ఇది మన షెడ్డులో చేసిందని ఎవురితోనూ అనబాక," అన్నాడు. గ్రిల్ గోడకెక్కింది. వీధిలోంచి చూస్తే, మెట్లు జారిపోయిన నిచ్చెనను ఎవరో కిటికీలో ఇరికించినట్టు ఉంది. అందులో ఒక మెట్టు జంట, ఒక మెట్టుకి రింగు, పైదానికి వంకర. ఉన్న సంగతి చెప్పాలి కదా, బాగాలేదు.

కొద్దిరోజులు ఆగి, షెడ్డుకు పోతూ గిరి ఆ వీధిలోంచే వెళ్లాడు. అప్పుడే కొట్టు తెరుస్తున్నారు. ఎదుటి గోడౌను దగ్గర ఇద్దరు మనుషులు టీ తాగుతూ తలెత్తి మేడ వైపు చూస్తున్నారు. ఒకతను నవ్వు ఆపుకోలేక గ్లాసు కింద పెట్టాడు.

"ఏమప్పా, ఎవురు చేసినారు దీన్ని?" అని గిరినే అడిగాడు.

"నేనే," అన్నాడు గిరి.

ఆ మనిషి నవ్వు ఆగిపోయింది. గ్లాసు తీసుకుని టీ ఊదుకున్నాడు. అంతలో గురుప్రసాద్ కొట్లోంచి బయటికి వచ్చి గిరిని చూసి, భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ గ్రిల్ సంగతి వదిలెయ్, అది అట్టా ఉండనీ. మా అమ్మ కుదుటపడిందప్పా! మునుపటి మాదిరి అయిపోయింది. పాలు పొంగేది లేదు, రిక్షా తప్పేది లేదు, క్యారియర్ టంచనుగా కిందికి వస్తా ఉండాది. వంటమనిషిని వద్దని చెప్పేసినాను. మతి పోతా ఉండాదని ఎంత ఏడ్చినానో నీకు తెలవదు. అంతా ఆ డాక్టరు చలవ. టానిక్ అంటే అదీ టానిక్!"

చెప్పేయాలన్న ఆశ గిరికి గొంతుదాకా వచ్చింది. ఒక్క మాట చాలు. ఈ వీధిలో ఒక్కడికైనా తెలుస్తుంది. అప్పుడే మేడ మీంచి ఆండాళమ్మ కేక గట్టిగా, దర్జాగా వినపడింది. "రంజితా! జడకి రావే, వేళయింది!"

గురుప్రసాద్ "చూసినావా?" అన్నట్టు కళ్లెగరేశాడు. అతని కళ్లలో నీళ్లు కనబడ్డాయి.

"మంచి డాక్టరన్నా," అన్నాడు గిరి. "ఆయన్ని మాత్రం వదలబాకండి."